సోడావాడు రాని సినిమా

మంచి సినిమాను సగంలో చంపి, దాని పాపాన్ని కాపురమంతా మోసిన మొనగాణ్ణి నేనే. నవ్వేవాళ్లు నవ్వండి, నాకేం సిగ్గులేదు.

మా శంషాబాద్‌లో ఇంకా విమానాలు దిగని రోజులవి. జనం తొక్కిసలాడే సినిమా జోలికి నేను పోయేవాణ్ణి కాదు. టికెట్లిచ్చేవాడు కునుకు తీస్తున్నాడంటే లోపల మంచి సినిమా ఉన్నట్టే. నిండు కుండ తొణకదేమో గానీ, నిండిన హాల్లో కథ వినపడదు. ఎవరూ పట్టించుకోని రత్నాలను ఏరి ఊరికి చెప్పడం నా గొప్ప. చదువు మాత్రం లేదు. తెర మీద అక్షరాలు నాకు గోడ మీద చీమలే. మరి ఇంటర్వెల్ ఎట్లా తెలిసేదంటారా? లైట్లు వెలిగినప్పుడు సోడావాడు సీసాలు మోగిస్తూ లోపలికొస్తే సగం. రాకపోతే ఇంటికి.

పెళ్లయిన కొత్తలో మంఖాల్ నుంచి మామ వచ్చాడు. అల్లుడి తెలివి చూపిద్దామని ఆయన్నీ, నా భార్య యాదమ్మనూ అట్లాంటి సినిమాకే తీసుకుపోయాను. హాల్లో మేం ముగ్గురం, ఒక పిల్లి.

"అల్లుడా, మనుషులేరి?"

"మంచి సిన్మాకు మంది రారు మామా. జర చూడు."

నిజంగానే మంచి సినిమా. కన్నీళ్లతో మామ కండువా తడిసిపోయింది. బిడ్డకు జ్వరం. మొగుడు మాటాపలుకూ లేకుండా వానలోకి నడిచాడు. పెళ్లాం లాంతరు పట్టుకుని గడపలో నిలబడింది. తెర మీద చీమలు పాకాయి, లైట్లు వెలిగాయి. సోడావాడు రాలేదు. లేచాను.

"అయిపోయిందా? గా మొగోడు మళ్ల రాలేదేంది?" అంది యాదమ్మ.

"రాడు. గొప్ప సిన్మాలు గిట్లనే ఉంటయ్."

"గిదేం కథ అల్లుడా! అన్నం పెట్టి కూర మరిచినట్టుంది," అన్నాడు మామ.

టికెట్లవాడు నిద్రలోనే ఉన్నాడు, ఆపేదెవరు?

ఇక ఆనాటి నుంచి నేను ఇంటికి కాస్త ఆలస్యమైతే చాలు, యాదమ్మ అందుకునేది.

"వచ్చినవా? గా సిన్మాల మొగోని లెక్క పోయినవనుకున్న. ముందుగాల చెప్తే లాంతర్ల నూనె పోసుకుంటగద!"

ఊరికి కరెంటొచ్చింది, ఎయిర్‌పోర్టొచ్చింది. మా కాపురంలోంచి లాంతరు మాత్రం పోలేదు.

ముసలితనంలో మనవరాలి పలక మీద నాలుగు అక్షరాలు నేర్చాను. మొన్న మధ్యాహ్నం టీవీలో ఆ సినిమానే వచ్చింది. అదే వాన, అదే లాంతరు. చీమలు ఈసారి వరుసగా నిలబడ్డాయి. కూడబలుక్కుని చదివాను: "వి... శ్రాం... తి."

అంటే ఇంటర్వెల్! ముగ్గురి కోసం సోడావాడెందుకొస్తాడండీ! రిమోట్ అందుకోబోయాను. యాదమ్మ ముందే లాక్కుంది.

తర్వాతి సీన్లోనే మొగుడు తడిసి ముద్దయి వచ్చాడు, డాక్టరును వెంటబెట్టుకుని.

మా ఇంటి మీంచి విమానం పోయింది. నాకు మామ గుర్తొచ్చాడు. పాపం, కూర లేని అన్నంతోనే పోయాడు.

"గసొంటి మంచోన్ని ఇన్నేండ్లు నోరార తిట్టుకుంటొచ్చిన. ఇగ గా తిట్లన్నీ ఎవలకు రావాలె?" అంది యాదమ్మ.

మెల్లగా లేవబోయాను.

"కూసో! ఇంక అయిపోలే."

కనుక సకల సోడావాళ్ల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఎవరూ చూడని సినిమాలు బతికున్నన్నాళ్లూ వెతుకుతాను. కానీ ఊడ్చే మనిషి వచ్చి కాళ్ల కింద చీపురు పెట్టేదాకా కుర్చీ వదలను. ఇంట్లో అయితే, యాదమ్మ లెమ్మనేదాకా.