పోపు వేగేదాకా కబుర్లు

మా బాపు చేతి పులిహోర చేదెక్కుతోందని గుడి కమిటీ పెద్దాయన ఇంటికొచ్చి చెప్పిన సాయంత్రం నేను అసలే మండిపోతూ ఉన్నాను. ఆఫీసులో కంప్యూటర్ పొద్దంతా సతాయించింది. జీతాల బిల్లు మొత్తం కొట్టి, హమ్మయ్య అనుకుని సేవ్ చేయబోతే చాలు, తెర బిగుసుకుపోయేది. ఆపడం, మళ్ళీ వెలిగించడం, మొదటి పేరు నుంచి మళ్ళీ కొట్టడం. దాని మీద లోకల్ రైలు ఆలస్యం. నేను చెప్పులు విప్పుతుంటే పెద్దాయన గడపలో నిలబడి, నన్ను చూసి కూడా గొంతు తగ్గించకుండా అనేశాడు.

“అయ్యవారూ, మీకు జెప్పేటంత పెద్దోన్ని గాదు. కానీ ఈ వారమంత పులిహోర చేదే ఉన్నది. పోరగాండ్లు నోట్ల పెట్టుకొని ఉమ్మేస్తున్నరు. జల్‌పల్లి దిక్కు కొత్త కాలనీల ఒక వంటాయన ఉన్నడు, మస్తుగ చేస్తడంట. ఇంకోసారి గిట్లయితే నైవేద్యం ఆయనకు అప్పజెప్తం. మీరు పూజ చేసుకోండి, వంట ఫికర్ ఇడ్సిపెట్టండి.”

“మంచిది” అన్నాడు బాపు. అంతే.

ఆయన అటు తిరగ్గానే నేను ఒంటికాలి మీద లేచాను. “ఏం మంచిది బాపూ? తాతల కాలం సంది మన పొయ్యి మీదనే గద నైవేద్యమయ్యేది! గట్లెట్ల ఊకున్నవు?”

బాపు దీపానికి వత్తులు చేసుకుంటూ కూర్చున్నాడు. దూది వేళ్ళ మధ్య నలుగుతోంది కానీ వత్తి కావడం లేదు. పూజ ఎవరైనా చేస్తారు, వంట మాత్రం ఆయన ప్రాణం. ఆ పొయ్యి దగ్గర లేకుండా ఆయనను నేను ఊహించుకోలేను. ఆ రాత్రి ఆయన అన్నం కూడా సరిగ్గా తినలేదు.

మా ఇల్లు పాతబస్తీలో, దబీర్‌పురా స్టేషన్ వెనక గల్లీలో. గల్లీ చివర చిన్న గుడి. మా వాళ్ళు ఎన్ని తరాలుగా అక్కడ పూజ చేస్తున్నారో మాకే తెలియదు. గుడిలో వంటగది లేదు కాబట్టి నైవేద్యం మా ఇంట్లోనే అవుతుంది, దానికి వేరే గది, వేరే పొయ్యి. అమ్మ పోయాక ఇంట్లో మేమిద్దరమే. ఆ పొయ్యి నేను ముట్టకూడదు. ఆడపిల్ల చేతి నైవేద్యం మా గుడి కట్టుబాటుకు సరిపడదట. ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది, ఇప్పుడూ మండుతుంది. గడప ఇవతల నిలబడి నోటికొచ్చింది మాట్లాడటానికి మాత్రం ఏ కట్టుబాటూ అడ్డం లేదు. ఆ హక్కును నేను దండిగా వాడుకున్నాను.

మా పులిహోరకు కొలతలు లేవు. చింతపండు గుజ్జు నూనె తేలేదాకా ఉడకాలి. నువ్వులు దోరగా వేయించి దంచాలి. ఇదంతా కంటికి తెలుస్తుంది. అసలు కష్టం పోపులో ఉంది. నువ్వుల నూనెలో ఆవాలు, శనగపప్పు, ఎండుమిర్చి అయ్యాక చివర ఇంగువ పడుతుంది. ఇంగువ వాసన పైకి లేచిన క్షణంలో పొయ్యి ఆర్పాలి. ముందు ఆర్పితే పచ్చి కంపు, ఆలస్యమైతే చేదు. రుచి చూసుకుందామంటే కుదరదు, దేవుడికి పెట్టకముందు అది ఎంగిలి. వాసన కూడా పనిగట్టుకొని చూడకూడదు. గాలికి దానంతటదే వచ్చి ముక్కుకు తగిలితే దోషం లేదు. ముక్కు చాచి పీల్చితే ఇక ఆ గిన్నె దేవుడికి పనికిరాదు. బాపు ఇన్నేళ్ళూ ఆ సన్నటి గీత మీదే వంట చేశాడు.

పొద్దున నా రైలుకు ముందు కాస్త సమయం దొరికేది. తడి పంచె కట్టుకుని ఆయన పొయ్యి దగ్గర, బ్యాగు భుజాన వేసుకుని నేను గడప ఇవతల. నాకు కాలు ఒకచోట నిలవదు. తిరుగుతూ, జడ వేసుకుంటూ, ఆఫీసు మీద కోపమంతా అక్కడే కక్కేదాన్ని. మొదట్లో బాపు ఊ కూడా కొట్టేవాడు కాదు. ఆ ఏడు వానాకాలంలో ఆయనకు గట్టిగా జ్వరం వచ్చి తగ్గింది. ఆ తరవాత ఏమైందో, తనే అడగడం మొదలుపెట్టాడు.

“నిన్న ఆఫీసుల ఏమైంది బిడ్డా? గా ఎలుక మంచిగ నడిచిందా?”

ఎలుక అంటే మౌస్. నాకు నవ్వూ వచ్చింది, పట్టరాని సంతోషమూ వేసింది. పుట్టి బుద్ధెరిగాక మా బాపు నా పని గురించి అడగడం అదే మొదలు! ఇక ఆగుతానా? మౌస్ కడుపులో ఉండే గుండుకు మట్టి పట్టి అది ఎటూ కదలకపోవడం, నేను గోరుతో గీకి తీయడం చెప్పాను. ఇక్కడ తెరుచుకున్న ఫ్లాపీ పై ఆఫీసుకు తీసుకుపోతే ఖాళీగా కనబడ్డ సంగతి చెప్పాను. బాగుచేయడానికి వచ్చేవాడు ఏ రోగానికైనా “ఆపి మళ్ళీ ఆన్ చేశారా మేడమ్?” అని అడిగే తీరు చేసి చూపించాను. రైలులో ఆడవాళ్ళ డబ్బాలోకి ఎక్కి కూర్చుని దిగమంటే నిద్ర నటించే మగవాళ్ళను తిట్టాను. బాపు వెనక్కి తిరగకుండానే వినేవాడు. మధ్యలో నా మాట ఒక్క క్షణం ఆగితే “ఊ, చెప్పు” అనేవాడు కాదు. పొయ్యి ఆర్పేవాడు.

పెద్దాయన వచ్చి చెప్పిన ఆ వారమంతా ఆఫీసులో పాత లెక్కలను కంప్యూటర్‌కు ఎక్కించే పని పడి, నేను చీకటితోనే మొదటి రైలుకు పోయాను. “కొంచెం కూసొని పో బిడ్డా” అని బాపు అడిగాడు. “కూసుంటె నా ఉద్యోగం ఎవరు చేస్తరు?” అని విసుక్కున్నాను. ఆ పని అయిపోయి నేను మళ్ళీ మామూలు రైలుకు మారగానే పులిహోర కూడా బాగుపడింది. పెద్దాయన ఎదురుపడితే “ఇయ్యాల అమృతం లెక్కున్నది” అన్నాడు. మాట పడ్డాక బాపు జాగ్రత్త పడుతున్నాడని నేననుకున్నాను.

మరి కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం ఆఫీసు క్యాంటీన్ టీవీలో పాతబస్తీలో ఉద్రిక్తత అంటూ వార్త నడిచింది. ఇది మాకు కొత్త కాదు. ఏ గల్లీలో ఇద్దరు గట్టిగా మాట్లాడుకున్నా ఆ అక్షరాలు తెర కింద పరుగెడతాయి, వెంటనే నా చుట్టూ జనం చేరతారు. పక్క కుర్చీ ఆవిడది గుంటూరు వైపు, మంచి మనిషే. “అమ్మో, మీ నాన్నగారు ఒక్కరే కదండీ ఇంట్లో! ఇంకా ఇక్కడే కూర్చున్నారేంటి, వెళ్ళండి ముందు” అంది. ఇంటికి ఫోన్ చేశాను. మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ చేశాను. అప్పుడు నాకు నిజంగానే భయం పట్టుకుంది. ఎదురుగా కంప్యూటర్ ఎప్పటిలాగే బిగుసుకుని ఉంది. చస్తే చావనీ అని దాన్ని అలాగే వదిలేసి బయట పడ్డాను.

ఆ వేళకు రైలు లేదు. దొరికిన బస్సెక్కి చార్మినార్ దగ్గర దిగాను. దారంతా కూర్చోలేక డ్రైవర్ వెనక కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. దిగి చూస్తే ఏముంది? లాడ్ బజార్ మొదట్లో ఆడవాళ్ళు గాజులు బేరమాడుతున్నారు. పండ్ల బండి ముసలాయనను గొడవ ఎక్కడని అడిగితే, “కుచ్ నై హువా బేటీ, టీవీ వాలే పాగల్ హై” అని జామకాయలకు నీళ్ళు చల్లుకున్నాడు. ఏమీ కాలేదు, టీవీ వాళ్ళకు పిచ్చి. ఆ వార్త చదివినవాడు ఎదురుపడితే చెంప పగలగొట్టేదాన్ని. అయినా ఫోన్ ఎందుకు ఎత్తలేదన్న గుబులు వదల్లేదు. గల్లీల్లో పడి దాదాపు పరుగెత్తాను.

తలుపు తోయగానే గ్యాస్ గుప్పుమంది.

వంటింట్లో పాలు పొంగి మంట ఆరిపోయింది, గ్యాస్ మాత్రం వస్తూనే ఉంది. దేవుడి దగ్గర దీపం అప్పటికే కొండెక్కింది కాబట్టి బతికాం. బాపు ఆ పక్క గదిలోనే చాప మీద కూర్చుని కళ్ళజోడు పెట్టుకుని పేపర్ చదువుతున్నాడు. నన్ను చూసి లేచాడు. “ఏందే గింత గాభర? చెమటలు గారుతున్నయ్, ఉండు ఫ్యాన్ ఏస్త” అని స్విచ్ వైపు చెయ్యి చాపాడు. ఆ చెయ్యి పట్టుకుని ఎంత గట్టిగా లాగానంటే ఆయన చాప మీద పడిపోయాడు. పొయ్యి కట్టేసి, కిటికీలన్నీ తెరిచి, ఆయనను వాకిట్లోకి ఈడ్చుకొచ్చాను.

“ఇల్లంత గ్యాస్ నిండింది బాపూ! తెలుస్తలేదా నీకు?”

“గ్యాసా? ఏది?” అని చుట్టూ చూశాడు. వాసనను కళ్ళతో వెతుకుతున్నాడు.

అరుగు మీద కూలబడ్డాను. ఫోన్ మోగిందా అంటే, మోగితే లేచేసరికి ఆగిందన్నాడు, మళ్ళీ మోగితే మళ్ళీ ఆగిందన్నాడు. నేను అడగాల్సింది అది కాదు.

“ఎప్పటి సంది వాసన తెలుస్తలేదు?”

“జరమొచ్చింది సూడు. గప్పటి సంది.”

“మరి పోపు ఎట్ల ఏస్తున్నవు?”

బాపు పంచె అంచు వేళ్ళకు చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉన్నాడు. “నువ్వు మాట్లాడుతుంటవు గద” అన్నాడు చివరికి. “ఎంత కోపంల ఉన్నా ఇంగువ వేగంగనే నీ మాట ఒక్క గడియ ఆగుతది. చిన్నప్పటి సంది గంతే నువ్వు. మాట ఆగంగనే పొయ్యి బంద్ చేస్త.”

నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, కోపం. ఇన్ని నెలలు నా కంప్యూటర్ కష్టాలు, నా రైలు బాధలు మా బాపు చెవి పెట్టి వింటున్నాడని పొంగిపోయానే! ఆయన విన్నది నా మాటలు కాదు, అవి ఎప్పుడు ఆగుతాయా అని కాచుకున్నాడు.

“గీ ముక్క నాకు చెప్తే ఏమైతుండె? నేనే చెప్తుంటి గద, వేగిందని!”

“చెప్తే నువ్వు నా కోసం పనిగట్టుకొని వాసన జూస్తవు. ఇగ గది దేవునికెట్ల పెడ్త?” అన్నాడు. పంచె అంచు వదిలేసి, “ఇప్పుడైతే నీకు తెల్సిపాయె” అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖం నేను చూడలేకపోయాను. ఆ పొయ్యిని ఆయన నుంచి లాక్కున్నది కమిటీ కాదు, జల్‌పల్లి వంటాయనా కాదు. ఊరకే ఉండలేని నా నోరు, పరుగెత్తుకొచ్చి అడిగిన నా ప్రశ్న.

మర్నాడు పొద్దున ఎప్పటిలాగే తడి పంచెతో పొయ్యి వెలిగించాడు. ఆఫీసులో ఏమైందని అడగలేదు. నేను గడప ఇవతల బ్యాగు పట్టుకుని నిలబడ్డాను. ఆ నిశ్శబ్దం భరించలేక నేనే మొదలుపెట్టాను. నిన్న అలాగే వదిలేసి వచ్చిన బిల్లు ఏమైందో, ఇవాళ ఆఫీసర్ ఎన్ని మాటలంటాడో, టీవీ వాళ్ళ లొల్లి, పక్క కుర్చీ ఆవిడ కంగారు, ఏది తోస్తే అది. నోరు మాట్లాడుతోంది, మనసంతా ముక్కులో ఉంది. వాసన చూడొద్దు అనుకున్నాను. ఊపిరి బిగబట్టాను. ఊపిరి బిగబట్టి మాట్లాడటం ఎవరికి సాధ్యం? ఆవాలు చిటపటమన్నాయి. శనగపప్పు ఎర్రబడ్డాక మిర్చి పడింది, ఆ వెనక ఇంగువ. నేను ఆఫీసర్‌ను తిడుతూనే ఉన్నాను. బాపు చెయ్యి పొయ్యి మీట మీద ఉంది. ఆ చెయ్యి నా కోసం ఎదురుచూస్తోందని నాకు తెలుసు.

నా మాట ఆగింది. బాపు పొయ్యి ఆర్పాడు.

వెనక్కి తిరగకుండానే అడిగాడు. “బిడ్డా, మాట దానంతటదే ఆగిందా, నువ్వు ఆపినవా?”

ఏ మాటకైనా ఎదురు మాట అనే నాకు ఒక్క మాట దొరకలేదు. అబద్ధమాడదామన్నా నిజమేదో నాకు తెలిస్తే కదా! ఆగిందో, నేనే ఆపానో ఆ దేవుడి సాక్షిగా నాకు తెలియదు.

బాపు అన్నంలో పోపు కలిపాడు, గుజ్జు కలిపాడు, నువ్వుల పొడి చల్లాడు. ఎప్పుడూ చేసినంత శ్రద్ధగానే చేశాడు. గిన్నె ఎత్తుకుని గుడికి పోతాడనుకున్నాను. అరటాకు తెచ్చి గడప ఇవతల నా ముందు పరిచాడు.

“కూసో. తిని పో.”

“దేవునికి?”

“అరటిపండ్లున్నయ్” అన్నాడు. పళ్ళెంలో పండ్లు పెట్టుకుని, మీద తడి గుడ్డ కప్పి, తలుపు దగ్గరగా వేసి గల్లీలోకి దిగాడు.

నా రైలు కూత వినబడింది. లేవలేదు. ఉప్పు, పులుపు, ఇంగువ అన్నీ సరిగ్గా ఉన్నాయి. దేవుడికి పెట్టి, అందరికీ పంచి తెచ్చేసరికి మా ఇంటికి పులిహోర ఎప్పుడూ చల్లారిపోయే వచ్చేది. పుట్టిన ఇన్నేళ్ళకు అది వేడిగా ఎలా ఉంటుందో మొదటిసారి తెలిసింది. ఏడుస్తూనే ఆకులో ఒక్క మెతుకు మిగల్చకుండా తిన్నాను.