ఏబెల్ డబ్బాకు కొత్త కార్డు

ఖతార్‌లో తెలుగు క్రైస్తవులకు ఆదివారం శుక్రవారం నాడే వచ్చేస్తుంది. సెలవు ఆ రోజే మరి. దేవుడే సర్దుకున్నాక, లోకంలో ఏ వస్తువునైనా దేనికైనా సర్దవచ్చని అమలాపురం ఏబెల్ నమ్మకం.

అతనిది ఫైర్ అలారాలు బాగుచేసే ఉద్యోగం. కాపురం ఉమ్ ఘువైలినా పేటలో ఒంటిగది ఫ్లాట్. గదిలో కిటికీ పక్క మూలంతా అతని పాత కంప్యూటర్‌దే. దాని ముఖాన నల్లటి సౌండు డబ్బా ఒకటి: మైకులూ హెడ్‌ఫోనూ గుచ్చే కన్నాలు, లావుపాటి వాల్యూమ్ చక్రం. చర్చి సంఘం పాటలన్నీ దాంట్లోంచే రికార్డయ్యేవి. ఇంటికొచ్చిన వాళ్ళెవరైనా ఆ చక్రాన్ని ఓసారి తిప్పి మెచ్చుకోవాలి. లేకపోతే ఏబెల్ రెండో బిస్కెట్ పెట్టడు.

ఈ వేసవిలో లోపలి సౌండు కార్డు చచ్చింది. పాత సామాన్లమ్మే బాసిత్ దగ్గర అదే కంపెనీది, కొత్త రకం కార్డు దొరికింది. డబ్బా కేబుల్ దానికి అచ్చుగుద్దినట్టు సరిపోయింది. ఏబెల్ ముందు అందరికీ ఫోన్లు చేసి గొప్పలు చెప్పుకుని, ఆ తర్వాత కంప్యూటర్ ఆన్ చేశాడు. కార్డు పలికింది. డబ్బా మాత్రం అత్తారింట్లో అలిగిన కొత్తల్లుడిలా నోరు విప్పలేదు.

భార్య సుకుమారికి ఆ మూలలో కుట్టుమిషన్ పెట్టుకోవాలని ఎప్పటినుంచో ఆశ.

"ఏవండీ, శుక్రవారం మాస్టారు విని బాగుందంటే మీ డబ్బా ఉంటుంది. లేదంటే నా మిషనొస్తుంది. తర్వాత మూతి ముడుచుకోకూడదు."

మాస్టారంటే క్వయర్ నడిపే జీవరత్నం గారు. స్వరం ఆవగింజంత జారినా పాట ఆపించేస్తారు.

కంపెనీ వ్యాను నడిపే జగిత్యాల గజేందర్ సాయానికొచ్చి టార్చి పట్టుకున్నాడు. "కొత్తది కొంటే అయిపోతది గదన్నా, గీ గోస ఎందుకే?"

"కొత్తదాంట్లో ఈ చక్రం ఉండదురా," అన్నాడు ఏబెల్, పిల్ల పెళ్ళి సంబంధం తప్పిపోయినంత దిగులుగా.

డ్యూటీ నుంచి తెచ్చిన మీటరు పెట్టి చూస్తే గుట్టు తెలిసింది. కేబుల్ మూతి సరిపోయింది గానీ తీగల వరస మారిపోయింది. పైగా డబ్బాకు కావాల్సిన కరెంటు పాత కార్డు ఇచ్చేది, కొత్తది ఇవ్వదు. ఏబెల్ కేబుల్‌ను చీల్చి, ఒక్కో తీగనూ దాని కొత్త చోట సీసం కరిగించి అతికించాడు. కరెంటు కోసం వేరే తీగ లాగాడు. ఆ పొగకు గజేందర్ గట్టిగా తుమ్మాడు. ఏబెల్ చెయ్యి అదిరి రెండు తీగలు ఊడొచ్చాయి. వాటినీ మళ్ళీ అతికించి చక్రం తిప్పితే డబ్బా పలికింది. ఏబెల్ గదిలోనే ఓ చిందేశాడు.

శుక్రవారం ఆరాధన అయ్యాక క్వయరంతా ఆ ఒంటిగదిలోకి దిగింది. చర్చిలో కూర్చున్నట్టే మగవాళ్ళు ఎడమ మైకు దగ్గర, సుకుమారితో సహా ఆడవాళ్ళు కుడి మైకు దగ్గర నిలబడి పాడారు. పాటయ్యాక మాస్టారు హెడ్‌ఫోన్ తగిలించుకుని కళ్ళు మూసుకున్నారు. సుకుమారి కొలత టేపు తీసి మూల కొలవడం మొదలెట్టింది.

మాస్టారు కళ్ళు తెరిచారు.

"ఏవయ్యా ఏబెలూ, ఆడవాళ్ళు మగవాళ్ళ వైపు కూర్చున్నారేంటి?"

ఆయన పెద్దరికంలో ఆ హద్దు ఇంతవరకూ ఎవరూ దాటలేదు. ఇప్పుడు ఏకంగా ఆయన చెవుల్లోనే దాటేశారు. ఊడిన రెండు తీగలూ ఒకదాని చోట ఒకటి చేరి కుడి ఎడమలు తారుమారయ్యాయని ఏబెల్‌కు వెలిగింది. పాట వినడానికొచ్చిన గజేందర్ తన తుమ్ముతో సహా సమోసాల ప్లేటు వెనక్కి జరిగాడు. ఇప్పుడు డబ్బా విప్పితే మూల పోయినట్టే.

ఏబెల్ వినయంగా మాస్టారి వెనక్కి వెళ్ళి, హెడ్‌ఫోన్ తీసి, కుడిది ఎడమకు తిప్పి మళ్ళీ తగిలించాడు.

"ఇప్పుడు వినండి మాస్టారూ."

మాస్టారు విన్నారు. తల మెల్లగా ఊగింది.

"ఆఁ. ఇప్పుడు ఎవరి చోట వాళ్ళున్నారు. బాగుంది." ఆపైన తనే చేయి చాచి చక్రం ఇంకాస్త పెంచుకున్నారు.

అందరూ వెళ్ళాక ఏబెల్ ఆ తీగలు మార్చడానికి స్క్రూడ్రైవర్ తీశాడు. అప్పటికే సుకుమారి హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చుని ఉంది, తిప్పకుండా, ఉన్నదున్నట్టు.

"మగవాళ్ళ వైపు నుంచి నా గొంతు బానే ఉందండీ," అంది. "అలాగే ఉండనివ్వండి. మిషన్ మంచం పక్కన వేసుకుంటాలే."

అని చక్రం కాస్త పెంచింది. ఏబెల్ వెళ్ళి రెండో బిస్కెట్ తెచ్చి పెట్టాడు.