కోసినవాళ్ళది ఆఖరు ముక్క

గత సోమవారం ఉదయం ఐదున్నర గంటలకు సిరిసిల్లలో మా పెద్దవ్వ చనిపోయింది. మా బాపుకు, అంటే నాన్నకు, సొంత అన్న భార్య. రెండు రోజులు జ్వరం, మూడో రోజు మాట పడిపోయింది. ఆమె ఇంటిపని చేసిన చివరి రోజు శుక్రవారం. ఆ సాయంత్రం పుచ్చకాయ కోసి, ఎప్పటిలాగే రెండిళ్ళకూ పంచింది. అదే రోజు కొన్న మరో రెండు కాయలు ఆమె పోయేసరికి బావిలో తేలుతున్నాయి.

నాకు కరీంనగర్‌లో తార్, అంటే టెలిగ్రాం, అందింది. పంపినవారి పేరు చూసి మళ్ళీ చదివాను. పంపింది బాపు. పదకొండేళ్ళుగా ఆయన తన అన్న ఇంటి సంగతి ఒక్క మాట ఎత్తలేదు.

మా ఊళ్ళో పుచ్చకాయను తర్బూజ అంటారు. ఎండాకాలం మానేరు ఎండిపోతే ఇసుకలో గుంతలు తవ్వి, ఎరువేసి పండిస్తారు. గంపలో పెట్టుకుని వీధికి తెచ్చే ఆడమనిషితో పెద్దవ్వ బేరం చాలాసేపు సాగేది. బేరం ధర గురించి కాదు, కాయ గురించి. గంపలో ఉన్నవన్నీ దింపించి, ఒక్కొక్కదాన్నీ వేలి కణుపుతో కొట్టి, చెవి ఆనించి వినేది.

"చెవి పెట్టుడెందుకవ్వా, తర్బూజ మాట్లాడుతదా?" అనేది గంపామె.

"మాట్లాడుతది. నీ తీరుగ అబద్ధాలు చెప్పదు."

కొన్న కాయను తాడు వలలో వేసి పొద్దున్నే బావిలోకి దించేది. మాది నేత ఇల్లు; సాయంత్రం నాలుగింటికి మగ్గాలు ఆగేవి. అప్పుడు పైకి లాగేది. కాయను ఆమె అడ్డంగా కోయగా నేనెన్నడూ చూడలేదు. అడ్డంగా కోస్తే నడిమి చక్రాలు తీపి, చివరి చక్రాలు చప్పన. తొడిమ నుంచి అడుగు దాకా నిలువునా కోస్తే ప్రతి ముక్కలోనూ నడిమి తీపి కొంత ఉంటుంది. గింజలు కడిగి మిద్దె మీద ఆరబోసేది. తొక్కకు ఆకుపచ్చ చెక్కు తీసి లోపలి తెల్లదాన్ని మర్నాడు కూర వండేది. అందరికీ ఒకేసారి పెట్టేది. మగవాళ్ళు తిన్నాక ఆడవాళ్ళు అనే పద్ధతి ఆ ఇంట్లో అన్నానికి ఉండేది, తర్బూజకు లేదు. నూలు కండెలు చుట్టే కోడళ్ళకూ మగ్గం నేసే మగవాళ్ళకూ చెమట ఒకటే అనేది.

ఆమెకు ఇంకొక నియమం ఉంది. కోసినవాళ్ళు ఆఖరున తీసుకోవాలి. మా అక్క ఒకసారి, నేను కోస్తానని కత్తి లాక్కుంది. పెద్ద ముక్క ఒకటి చూసి కోసి, దాని మీద చెయ్యి వేసింది. పెద్దవ్వ ఆ చేతిని పక్కకు జరిపి పళ్ళాన్ని అందరి ముందూ తిప్పింది. అక్కకు గీత లాంటి సన్న ముక్క మిగిలింది. ఆమె మొహం చూసి అందరూ నవ్వారు. పెద్దవ్వ నవ్వలేదు.

"ఆఖరుకు తీస్కునేటోళ్ళ చేతుల్నే కత్తి సక్కగ నడుస్తది బిడ్డా," అన్నది.

మర్నాడు అక్క మళ్ళీ కోసింది. ఇంట్లో అందరం పదమూడు మందిమి; ఆ పదమూడు ముక్కల్లో ఏది పెద్దదో ఎవరూ చెప్పలేకపోయారు.

రాష్ట్రాలు కలిసిన మరుసటి ఎండాకాలం, 1957లో, మా ఇల్లు విడిపోయింది. ఊరికి కరెంటు వచ్చింది. బాపు అన్న, మా పెద్దబాపు, సాంచె పెడతానన్నాడు. సాంచె అంటే మరమగ్గం. బాపు చేతిమగ్గం వదలనన్నాడు. మాట మీద మాట పెరిగి ఇల్లు పాలు పంచుకునేదాకా వచ్చింది. ఇల్లు పొడుగ్గా ఉంటుంది. వీధి వైపు పెద్ద గది, వంటిల్లు. వెనక రెండు గుంట మగ్గాలు, వాకిలి, బావి. ఎవరికి ఏది అన్న దగ్గర కులపెద్దలు మూడుసార్లు కూర్చుని మూడుసార్లు లేచిపోయారు.

నాలుగోసారి కూర్చున్న రోజు పెద్దవ్వ వాళ్ళ ముందు తర్బూజ కోసింది. అందరికీ ఇచ్చి, మిగిలిన ముక్క తను తీసుకుని, నిలబడే చెప్పింది.

"పెద్దోడు గీత గియ్యాలె. చిన్నోడు తీస్కోవాలె. గీసినోనికి మిగిలిందే. పిల్లలకు తెలిసిన న్యాయం మీకెందుకు తెలుస్తలేదు?"

పెద్దలు ఒప్పుకున్నారు. పెద్దబాపు రెండు రోజులు ఆలోచించాడు. తమ్ముడు గుంట మగ్గం వదలడని, వెనక భాగమే కోరుకుంటాడని ఆయన లెక్క. గుంట మగ్గంలో కాళ్ళు గుంతలో పెట్టి అంచు మీద కూర్చుంటారు. బాపు కూర్చునే అంచు ముప్పై ఏళ్ళకు అరిగి ఆయన ఆకారంలో పల్లం పడింది. ముందు భాగం తనకే వస్తుంది కనుక పెద్దబాపు దాన్ని నాలుగు మూరలు పెంచాడు. నీలిరంగులో ముంచిన పడుగు దారం ఇంటికి అడ్డంగా లాగి నేల మీద కొట్టాడు. గీత పడింది.

బాపు ఆ గీత వెంట రెండుసార్లు నడిచాడు. అడుగులు లెక్కపెట్టుకున్నాడు.

"నాకు ముంగటిది," అన్నాడు.

పెద్దబాపు లేచాడు. "గీత తప్పు పడ్డది. దారం జరిగింది. మళ్ళ గీస్త."

పెద్దవ్వ వంటింటి గడపలో ఉంది. ఆ వంటింటి గోడలు ఆమె తన చేతులతో అలికినవి. బాపు మాట నిలబడితే వంటిల్లు పోతుంది. అది ఆమెకు అక్కడున్న అందరికన్నా బాగా తెలుసు.

"కోసినంక పండు అతుకుతదా?" అని భర్తను అడిగింది. "గీసింది నువ్వు. తీస్కున్నది ఆయన. అయిపోయింది."

పొద్దు గూకకముందే ఆమె తన గిన్నెలు మోసుకుని వెనక్కి వెళ్ళింది. బావి పక్కన రేకు కింద మూడు రాళ్ళు పెట్టి అన్నం వండింది. బాపు ముందు గదిలో కొత్త గుంట తవ్వుకున్నాడు. పెద్దబాపు వెనక పాత గుంటలు పూడ్చి, ఆ చోట సాంచె పెట్టాడు. ఇద్దరికీ మాటలు ఆగిపోయాయి. నాలుగు మూరల సంగతి బాపు మరవలేదు, పది మందిలో పట్టుబడిన సంగతి పెద్దబాపు మరవలేదు.

గీత మీద గోడ లేచింది. నడుమెత్తుకు వచ్చినప్పుడు పెద్దవ్వ తన పళ్ళెం తెచ్చి మేస్త్రి ముందు పెట్టింది. అది పట్టేంత సందు వదలమంది. అన్నదమ్ములిద్దరూ వద్దన్నారు. వాళ్ళు ఏకమైన మాట ఆ ఏడాది అదొక్కటే.

"గోడ మీ ఇద్దరిది. సందు నాది," అన్నది పెద్దవ్వ.

మేస్త్రి వదిలాడు.

అప్పటి నుంచి ఎండాకాలం సాయంత్రాలు నాలుగింటికి ఆ సందు దగ్గర కత్తి పిడితో మూడు దెబ్బలు వినపడేవి. రెండిళ్ళ మనుషులను లెక్కపెట్టి ఆమె ఒకే పండు కోసేది. పళ్ళెం ముందు మా వైపు వచ్చేది. మేం తీసుకున్నాక వాళ్ళ వైపు వెళ్ళేది. చివరి ముక్క ఆమెది. బాపు ఎప్పుడూ సన్నగా ఉన్నది వెతికి తీసుకునేవాడు. మరిదిని తమ్మి అనే ఆమె, సందులోంచి మా అవ్వకు, అంటే మా అమ్మకు, చెప్పేది. "మా తమ్మి చిన్నది తీస్కుంటుండు. నా కోతకు వంక పెడుతుండా అని అడుగు."

ఒక ఏడు పెద్దబాపు ఆ సందులో ఇటుకలు పేర్చాడు. సాయంత్రం నాలుగింటికి పెద్దవ్వ వాటిని ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టి, పళ్ళెం అందించింది. ఆ ఇటుకలతో మర్నాడు పొయ్యి కట్టుకుంది. అప్పటిదాకా ఆమెవి మూడు రాళ్ళే.

ఆమె గొంతు పెంచగా నేను వినలేదు. ఎవరినీ కలవమని బతిమాలలేదు. నాలుగైంది, పండు కోయాలి, అందరికీ సమానంగా రావాలి. ఆమె పట్టుదల అంతవరకే. పదకొండు ఎండాకాలాలు ఒక్కరోజూ తప్పలేదు. విలేకరిగా ఇద్దరి తగవు రాయాల్సి వచ్చినప్పుడల్లా నాకు ఆ కోత గుర్తొస్తుంది.

సోమవారం మధ్యాహ్నం బస్సు దిగి వెళ్ళేసరికి బాపు ఇంటి పక్క గల్లీ తిరిగి వెనక వాకిట్లోకి వచ్చి ఉన్నాడు. విడిపోయాక ఆ వాకిలి తొక్కడం అదే మొదలు. పాడెకు ముందు ఒక వైపు అన్న, ఒక వైపు తమ్ముడు భుజం పట్టారు. మానేరు దాకా మాట లేదు, తిరిగి వచ్చేటప్పుడూ లేదు.

గురువారం సాయంత్రం నాలుగింటికి గోడ సందు దగ్గర మూడు దెబ్బలు వినపడ్డాయి. ఇంట్లో ఎవరూ కదల్లేదు. నేను లేచి వెళ్ళాను. అవతల పెద్దబాపు కత్తి పట్టుకుని నిలబడ్డాడు.

"మీ బాపుకు చెప్పు," అన్నాడు. "బాయిల పండ్లు రెండు తీసి తడి ఇసుకల పెట్టిన. పదోనాడు ఒకటి కోస్తం. ఈ సందు కాడ గాదు, వాకిట్ల. కోసేది నేను."

"ఎన్ని ముక్కలు పెద్దబాపూ?"

"పదమూడే. ఆమెది కాకిపిట్టకు పెడుతం. అందరు తీస్కున్నంక మిగిలింది నాది."

నా వెనక బాపు మగ్గం ఆగింది. బాపు గుంటలోంచి కాళ్ళు తీయకుండానే, గోడకు వినపడేలా అన్నాడు.

"నిలువుగ కొయ్యుమను. అడ్డం కొయ్యొద్దను."

గోడ అవతలి నుంచి జవాబు నేరుగా వచ్చింది.

"నాకు తెల్వదా? నలభై ఏండ్లు తిన్న."

పదో రోజు ఈ బుధవారం. పొద్దున ఏడింటికి పండును వలలో వేసి బావిలోకి దించుతారు. సాయంత్రం నాలుగింటికి సాంచె ఆపి, వెనక వాకిట్లో పెద్దబాపు కోస్తాడు. మొదటి ముక్క బాపు తీసుకుంటాడు.