మెత్తబడిన కిక్కు

డిసెంబరు మొదటివారంలో ఢిల్లీ కంటోన్మెంట్‌లో దిగాను. పొగమంచులో గేటు దగ్గర సంత్రీ గొంతు వినిపించింది గానీ మనిషి కనిపించలేదు. అంతకుముందు మూడేళ్ళు కొండల్లో లారీ ఇంజన్లు విప్పి బిగించినవాణ్ణి. ఇక్కడ మోటార్‌సైకిల్ విన్యాసాల దళానికి మెకానిక్‌గా వేశారు. "ఢిల్లీ పోస్టింగా, అదృష్టవంతుడివిరా" అన్నారు శ్రీకాకుళంలో మా ఊళ్ళో. దూరపు కొండలు నునుపు.

జనవరి కవాతు టీవీలో మీరు చూసే ఉంటారు. ఒకే బండి మీద తొమ్మిదిమంది మెట్లుగా నిలబడి సెల్యూట్ చేస్తూ వెళతారు. ఆ బండి నా చేతికి వచ్చింది. చట్రానికి ఇనుప నిచ్చెనలు వెల్డింగ్ చేసిన పాత బండి. అలాంటిది మాకు ఒక్కటే ఉంది. నడిపేది కరీంనగర్ వైపు హవల్దార్. నాకంటే పెద్ద, అన్నా అనేవాణ్ణి. ఆయన కళ్ళముందు మనుషుల కాళ్ళే ఉంటాయి. వాటి సందులోంచి రోడ్డు చూసుకుంటూ, మిగతాదంతా ఇంజన్ చప్పుడు విని నడిపేవాడు.

ఇంతలో పైనుంచి మాట వచ్చింది. బండ్ల మోత పెద్దలు కూర్చునే వేదిక దాకా వినపడటం లేదట. సైలెన్సర్ లోపలి జాలీ గొట్టం తీసేయమన్నారు కెప్టెన్ సాబ్.

"సాబ్, జెట్ భీ బదల్నా పడేగా" అన్నాను.

సైలెన్సర్ ఖాళీ చేస్తే ఇంజన్ గాలి ఎక్కువ లాగుతుంది. కార్బురేటర్‌లో పెట్రోలు వదిలే జెట్ మార్చి, దానికి తగ్గ పెట్రోలు అందించకపోతే మంట మరీ వేడెక్కి, పొగ బయటికి వదిలే వాల్వ్ అంచును తినేస్తుంది. పైగా నడక వేగంలో లాగే బలం తగ్గుతుంది. తొమ్మిదిమందిని మోసే బండికి కావలసింది ఆ బలమే.

పెద్ద జెట్ వేశాను. ఇంజన్ నెమ్మదించింది. చేతి పిడి మీద గ్యాస్ వదిలినప్పుడు సైలెన్సర్లోంచి వచ్చే పటపటలు ఆగిపోయాయి. తీరాచూస్తే పైవాళ్ళకు నచ్చింది ఆ పటపటలేనట.

"వహీ పురానా లగా దో, ఉస్తాద్. మేరే హాథ్ మే నహీ హై" అన్నారు కెప్టెన్ సాబ్. తన చేతుల్లో లేదట. చెడ్డవారేం కాదు. ఆయన పైన ఒకరు, ఆ ఒకరి పైన ఇంకొకరు. పాత జెట్ నా చేతులతోనే బిగించాను. ఒళ్ళు మండింది. ఏం చేస్తాను?

ఆ తరవాత ఏ పొద్దున చూసినా, వాల్వ్‌ను తెరిచే ట్యాపెట్ దగ్గర ఉండాల్సిన సందు బిగుసుకుపోయి ఉండేది. వాల్వ్ అరిగి లోపలికి దిగుతోందన్నమాట. సరిచేసేవాణ్ణి. మర్నాడు మళ్ళీ మామూలే. కిక్కు రాడ్డును చేత్తో నొక్కితే మంచి ఇంజన్ అరచేతిని వెనక్కి తోస్తుంది. ఇది రోజురోజుకీ మెత్తబడింది. కొత్త వాల్వ్ అడిగితే స్టోర్స్ వాళ్ళు "ఆ రహా హై" అన్నారు. జనవరిలోనూ అది వస్తూనే ఉంది.

జనం ముందు చివరి రిహార్సల్ రోజు పొద్దున నొక్కితే, కిక్కు ఎదురు చెప్పకుండా దిగిపోయింది.

వెళ్ళి చెబితే, "బస్, ఆజ్ నికాల్ దో" అన్నారు కెప్టెన్ సాబ్, ఈ ఒక్కరోజు ఎలాగో గడిపేయమని.

అన్న దగ్గరికి పరిగెత్తాను. "అన్నా, ఈ రోజు తియ్యకు. వాల్వ్ పోనాది. కిక్కులో దమ్ము నేదు."

"నేను తియ్యకుంటే ఇంకోన్ని ఎక్కిస్తరు తమ్మీ. ఈ పోరలు నా చెయ్యికి అలవాటైన్రు." గ్లౌజులు తొడుక్కున్నాడు. "గీ మోతల నాకు ఇంజన్ ఇనస్తలేదు. గదొక్కటే జర పరేషాన్."

వేదిక దగ్గర తాడు వెనక నిలబడ్డాను. బండి వచ్చింది. పటపటల మధ్య బుస్సుమని గాలి జారే చప్పుడు నాకు వినిపించింది. అన్నకు వినిపించలేదు. ఆయనకు తెలిసి గ్యాస్ పూర్తిగా తిప్పేసరికి బండిలో ఏమీ మిగల్లేదు. ఒక పక్కకు ఒరిగిపోయింది. ఎనిమిదిమంది దులుపుకుని లేచారు. అన్న మోకాలు బండి కింద నలిగింది.

విచారణలో నేను చెప్పింది విన్నారు. రైడర్ పొరపాటు అన్నారు.

సర్వీసు ముగించుకుని శ్రీకాకుళం వచ్చేశాను. అన్న ఇప్పటికీ ఫోన్ చేస్తాడు. "గ్యాస్ జర ముందుగాల తిప్పితే ఆగకపోవునేమో తమ్మీ" అంటాడు. కాదన్నా, వాల్వ్ పోయింది అని ప్రతిసారీ చెబుతాను. నమ్మడు.

నన్ను వదలనిది ఆ ఒక్క క్షణం. బండి ఆగిపోతోంది. పైనున్న వాళ్ళు ఛాతీలు విరుచుకుని ఇంకా సెల్యూట్‌లోనే ఉన్నారు. ఆపమని నేను రెండు చేతులూ పైకెత్తి ఊపుతున్నాను. నన్ను చూసి పక్కనున్న జనం కూడా నవ్వుతూ చేతులెత్తి ఊపారు.