నూజివీడులో దొరికిన ముఖం

నేను మిషన్ స్కూల్లో హిందీ టీచరుగా చేరిన కొత్త రోజులవి. నాన్నకి రెడ్డిగూడెం దగ్గర మామిడితోట ఉండేది. వేసవిలో కాయ కోసి, చెక్కపెట్టెల్లో వరిగడ్డి వేసి సర్ది, లారీలో ఢిల్లీ పంపేవాళ్ళం. ఆ లారీ ఇద్దరు సిక్కు అన్నదమ్ములది. వంతులేసుకుని నడుపుకుంటూ వచ్చేవాళ్ళు. లోడు తయారయ్యేదాకా తోటలోని పాకలోనే మకాం. పెద్దాయన మాట్లాడేది తక్కువ. తమ్ముడు మాత్రం మా అమ్మ వెనకే తిరుగుతూ నాలుగు తెలుగు ముక్కలు నేర్చుకున్నాడు. ఆవకాయ వేసుకుని రొట్టె తింటూ "బావుందండీ మాతాజీ" అనేవాడు. ఆ "అండీ"ని సాగదీసే తీరుకి పెట్టెలు కట్టే ఆడవాళ్ళంతా నవ్వేవాళ్ళు.

ఎనభై నాలుగు అక్టోబరు ఆఖరున ప్రధానమంత్రిని కాల్చి చంపారని రేడియోలో చెప్పారు. నూజివీడులో షాపులన్నీ మూసేశారు. అమ్మ ఏడ్చింది. కాల్చింది సిక్కులైన కాపలావాళ్ళేనని తెలిసి, నేను కోపం పట్టలేక "వీళ్ళు ఇంత పని చేశారేంటి!" అన్నాను.

అమ్మ కళ్ళు తుడుచుకుని నా వైపు చూసింది. "వీళ్ళంటే ఎవరే? మన పాకలో పడుకునే ఆ ఇద్దరా?"

ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

రెండు రోజుల తర్వాత పేపర్లో ఢిల్లీ వార్తలు రావడం మొదలైంది. సిక్కుల ఇళ్ళు తగలబెడుతున్నారు, మనుషుల్ని వీధుల్లోకి లాగి చంపుతున్నారు. నాన్న ఆ అన్నదమ్ముల అడ్రసుకి కార్డు రాశాడు. జవాబు లేదు. మళ్ళీ రాశాడు. మామిడి పూత వచ్చింది, పిందె కట్టింది. మైలవరం వైపు ఢిల్లీ లారీ ఏది కనపడినా ఆపి అడిగేవాడు. ఎవరికీ ఏమీ తెలియదు.

కోతలు మొదలైన వారానికి, ఒక మధ్యాహ్నం, బస్సు దిగి ఒక మనిషి మా గుమ్మంలోకి వచ్చాడు. తలపాగా లేదు. జుట్టు కత్తిరించుకుని ఉన్నాడు. గడ్డం అప్పుడే కొద్దిగా పెరుగుతోంది. అమ్మ పోల్చుకోలేక "ఎవరు కావాలండీ?" అంది.

"మాతాజీ" అన్నాడాయన.

ఆ గొంతు వినగానే అమ్మ చేతిలో చేట వదిలేసింది. ఆయన రెండు చేతులూ పట్టుకుని "బతికే ఉన్నావా నాయనా! బతికే ఉన్నావా!" అంటూ లోపలికి లాక్కొచ్చింది. నాన్న తోట నుంచి పరిగెత్తుకొచ్చాడు. ఆ కాసేపూ మా ఇంట్లో పండగలాగే ఉంది. ఆ తర్వాత అమ్మ అడిగింది, "తమ్ముడేడీ?"

ఆయన హిందీలో చెప్పాడు, నేను అమ్మకి తెలుగులో చెప్పాను. గొడవలప్పుడు ఆయన వేరే లోడుతో నాగపూర్ దగ్గర ఉన్నాడు. ఒక హోటలాయన లోపల దాచిపెట్టి, తన చేత్తోనే జుట్టూ గడ్డం కత్తిరించి కాపాడాడు. ఆ భయంతో ఈమధ్యదాకా ఆయన వాటిని మళ్ళీ పెరగనివ్వలేదు. తమ్ముడు ఇంట్లో ఉన్నాడు. అతన్ని బయటికి లాగి, కొట్టి, కాల్చేశారు. అతని భార్యనీ, ఇద్దరు ఆడపిల్లల్నీ పక్కింటి చాకలి కుటుంబం తమ డాబా మీద బట్టల మూటల వెనక దాచింది. ఇల్లు మొత్తం తగలబడిపోయింది. శవం దొరకలేదు కాబట్టి పోలీసులు "కనిపించుట లేదు" అని రాసుకున్నారు.

"కళ్ళముందు చంపితే కనిపించకపోవడమేంటి?" అన్నాడు నాన్న.

"మా మరదలు కూడా అదే అడుగుతోందండీ. ఎవరు చేశారో కూడా చూసింది. దరఖాస్తు పెడుతోంది. కానీ అలాంటి మనిషి ఉన్నట్టు రుజువేంటని అడుగుతున్నారు. రేషన్ కార్డు, పెళ్ళి ఫొటో, అన్నీ కాలిపోయాయి." నాన్న వైపు తిరిగి అన్నాడు, "కిందటేడు తోటలో ఫొటో తీశారు కదా!"

గుర్తొచ్చింది. నాన్న చెట్లకి మందు కొట్టే మిషన్ కొత్తగా కొని స్టూడియో ఆయన్ని పిలిపించాడు. తమ్ముడు పిలవకుండానే వచ్చి, నాన్న భుజం మీద చెయ్యేసి నిలబడ్డాడు. అయితే అందులో నాన్న కళ్ళు మూసుకున్నాడని మేం కాపీ తీసుకోలేదు.

నాన్న, ఆయన, నేను స్టూడియోకి వెళ్ళాం. స్టూడియో ఆయన విషయం విని మొహం చిన్నబుచ్చుకున్నాడు. "వానలకి కొన్ని నెగటివ్‌లు పాడయ్యాయండీ. ఉందో లేదో చెప్పలేను. వెతుకుదాం" అని బిస్కెట్ డబ్బాలు నాలుగు దించాడు. కవర్ల మీద ఏ పేరూ లేదు. ఒక్కొక్కటే వెలుగుకి పెట్టి చూస్తూ పోయాం. పెళ్ళిళ్ళు, పిల్లలు, ఎవరి శవం పక్కనో కూర్చున్న బంధువులు. మూడో డబ్బా సగానికి వచ్చాక పెద్దాయన చెయ్యి ఆగిపోయింది.

నెగటివ్‌లో తమ్ముడి నల్లటి గడ్డం తెల్లగా ఉంది. ఆయన దాన్ని చాలాసేపు చూశాడు. "ముసలాడైపోయాడు" అని నవ్వాడు. నవ్వుతూనే ఏడ్చాడు. స్టూడియో ఆయన తలుపు దగ్గరికి వేసి, ఆ సాయంత్రమే కాపీలు తీసిచ్చాడు. నాన్న కళ్ళు మూసుకునే ఉన్నాడు. తమ్ముడు మాత్రం పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు.

మర్నాడు నోటరీ దగ్గర, ఈ ఫొటోలోని మనిషి మాకు ఐదేళ్ళుగా తెలుసని నాన్న కాగితం రాయించాడు. అమ్మ తనూ సంతకం పెడతానని వచ్చింది. "మీకేమవుతాడమ్మా?" అని అడిగాడు నోటరీ.

"మా ఇంట్లో అన్నం తిన్నాడండీ. ఉన్నాడని నేను చెబుతున్నాను, అది రాయండి."

ఆయన అలాగే రాశాడు. అమ్మ తనకి చదువు వచ్చినంతలో, ఒక్కో అక్షరం కూడబలుక్కుని సంతకం పెట్టింది.

శీతాకాలంలో తమ్ముడి భార్య దగ్గర్నుంచి హిందీలో ఉత్తరం వచ్చింది. పోలీసులు ఫొటోని రుజువుగా తీసుకున్నారట. "కనిపించుట లేదు" కొట్టేసి "చంపబడినాడు" అని రాశారట. అలాంటి మాట చదివి గుండెల మీంచి బరువు దిగడమేంటో చెప్పలేను, కానీ దిగింది. అమ్మ ఆ రోజు కడుపునిండా అన్నం తిన్నది.

చేసినవాళ్ళ సంగతి మాత్రం తేలలేదు. ఆ దశాబ్దం అయిపోయేదాకా ఆమె ఉత్తరాలు రాస్తూనే ఉంది. ఒక ఉత్తరంలో, కోర్టులో నిలబడి ఒక మనిషిని వేలెత్తి చూపించానని రాసింది. వాడు బెయిలు మీద బయటే ఉన్నాడట. మళ్ళీ వాయిదా వేశారట. "భయం పోయింది. ఎన్ని వాయిదాలైనా వెళ్తాను" అని రాసింది. కుట్టుమిషన్ మీద పని దొరికిందనీ, పెద్దపిల్ల హైస్కూలుకొచ్చిందనీ కింద రాసింది.

నేను చదివి వినిపించాక అమ్మ "పెద్దదాని సంగతి రాసింది, చిన్నది ఏం చదువుతోందో రాయలేదే! అడుగు" అంది.

నేను కలం తీసుకున్నాను.