కళ్లజోళ్ల షాపు పక్క మెట్లు

ఈ రోజు పొద్దున ఒక అబద్ధం ఆడాను. పాల ప్యాకెట్లు పట్టుకుని లిఫ్టు కోసం నిలబడితే మా పై అంతస్తు ఆయన వచ్చి, గొంతు తగ్గించి అడిగాడు. "అన్నా, మొన్న నారాయణగూడల కళ్లజోళ్ల షాపు పక్క మెట్లు దిగుతుంటే చూసిన మిమ్మల్ని. పైన డాక్టరమ్మ దగ్గరికి పోయిన్రా? మంచిగ చూస్తదా?" ఆరా తీస్తున్నాడనుకున్నాను. సాయంత్రానికి అపార్ట్‌మెంటంతా తెలుస్తుందని కూడా అనుకున్నాను. "అబ్బే, కళ్లజోడు స్క్రూ ఊడితే షాపుకి వెళ్లానండి" అన్నాను. "గట్లనా" అని ఆయన తన చెప్పుల వంక చూసుకున్నాడు.

ఆ మెట్ల దగ్గర నేను దొంగలా మెలగడం రెండేళ్లుగా ఉన్నదే. అప్పుడే మా ఆవిడ టీచరు ఉద్యోగం నుంచి రిటైరైంది. చిక్కడపల్లి మార్కెట్లో బేరమాడకుండా కూరగాయలు కొనడం మొదలుపెట్టింది. ఆమెను ఎరిగినవాడిగా నేను ఆ రోజే భయపడి ఉండాల్సింది, సంతోషించాను. తర్వాత తిండి తగ్గింది, నిద్ర తగ్గింది, పొయ్యి వెలిగించి దేనికి వెలిగించిందో తెలియక నిలబడేది. అశోక్‌నగర్‌లో మా పాత డాక్టరు రక్తపరీక్షలన్నీ చూసి, "ఒకసారి సైకియాట్రిస్టుకి చూపించండి" అని నారాయణగూడ డాక్టరమ్మ పేరు చీటీ మీద రాసిచ్చాడు. రోగం అంతుపట్టక వదిలించుకుంటున్నాడని నా అనుమానం. మత్తుమందులు అలవాటు చేస్తారని, కరెంటు పెడతారని ఇంకో అనుమానం. ఆ చీటీని ఈ చొక్కా జేబులోంచి ఆ చొక్కా జేబులోకి మారుస్తూ నెల రోజులు మోశాను. చివరికి అది బట్టలతోపాటు వాషింగ్ మెషీన్లో పడింది. మా ఆవిడ దాన్ని తీసి, ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టి, నా టిఫిన్ ప్లేటు పక్కన పెట్టింది. "మీ జేబులో ఇది ఉందని నాకు మొదటి రోజే తెలుసు. ఎప్పుడు తీసుకెళ్తారా అని చూస్తున్నాను" అంది.

అక్కడికి వచ్చేవాళ్లందరికీ ఒక పద్ధతి ఉంది. కింద షాపులో కాసేపు ఫ్రేములు చూసి, రోడ్డు అటూ ఇటూ చూసి, చటుక్కున మెట్లెక్కుతారు. నేనూ అలాగే ఎక్కి, కౌంటర్లో మా ఆవిడకి ఏదో దొంగ పేరు చెప్పాను. ఆ పేరు మూడుసార్లు పిలిచారు. మా ఆవిడ నావైపు ఓసారి చూసి లేచింది. "నా పేరు అది కాదమ్మా" అని, తరగతిలో హాజరు పిలిచే గొంతుతో తన పేరు చెప్పింది. అక్కడున్న వాళ్లంతా ఫోన్లలోకి తలలు దించేశారు.

లోపల నేను ఊహించిన యంత్రాలేవీ లేవు. బీపీ మెషీను, మందుల కంపెనీ క్యాలెండరు ఉన్నాయి. డాక్టరమ్మ నిద్ర గురించి, ఆకలి గురించి, వాడుతున్న మందుల గురించి తీరుబడిగా అడిగింది. "పడుకోబెట్టే మాత్రలేనా?" అని నేను నిలదీశాను. "నేనూ ముందు మామూలు డాక్టరు చదువే చదివానండి, మనసు జబ్బులు ఆ తర్వాత చదివాను. కొందరికి మందు చాలు, కొందరికి మాటలు చాలు, చాలామందికి రెండూ కావాలి. ఇప్పుడు మీరు పది నిమిషాలు బయట కూర్చోండి" అంది. ఆ పది నిమిషాల్లో మా ఆవిడ నా గురించి ఏం చెప్పిందోనని నాకు ఇప్పటికీ అనుమానమే. మందులు మాత్రం మా వీధిలో కొనకుండా నల్లకుంట దాకా వెళ్లి తెచ్చేవాణ్ణి. ఇవేం పనిచెయ్యవని తేల్చేద్దామనుకుంటున్న వారంలో ఆమె మార్కెట్ నుంచి మండిపడుతూ వచ్చింది. "ముదురు బెండకాయలు అంటగట్టబోయాడు, వదుల్తానా!" నేను వంటింట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకున్నాను.

ఈ మధ్యాహ్నం అన్నం తింటూ పొద్దుటి అబద్ధాన్ని గొప్పగా చెప్పాను. మా ఆవిడ గరిటె కింద పెట్టింది. "ఆయన ఆరా తియ్యలేదండీ. వాళ్లావిడ నెల్లాళ్లుగా గది దాటి రావడం లేదు. ఆయన చీటీ వెతుక్కుంటున్నాడు. మీ జేబులో ఉంది."

చెయ్యి కడుక్కుని పైకి వెళ్లాను. "నా కళ్లజోడు బాగానే ఉందండి. మేం వెళ్లింది డాక్టరమ్మ దగ్గరికే" అని మొత్తం చెప్పాను. ఆయన తలుపు పట్టుకుని, "జర మీరు కూడ వస్తరా అన్నా? ఒక్కణ్ణి అడుగెయ్యలేకపోతున్న" అన్నాడు. సాయంత్రం ఆ దంపతులతో కలిసి, ఫ్రేములు చూడకుండా నేరుగా మెట్లెక్కాను. కౌంటర్ దగ్గర ఆయన నా చెవిలో, "వేరే పేరు చెప్పాల్నా అన్నా?" అన్నాడు. "వద్దండి, మీ ఆవిడ పేరే చెప్పండి" అన్నాను.

పిలిచేదాకా వాళ్ల పక్కనే కూర్చున్నాను. జేబులో చీటీ పెట్టుకుని తిరిగిన ఆ నెల రోజుల్ని మా ఆవిడకి తిరిగి ఇవ్వలేను; పై అంతస్తు ఆవిడకి మాత్రం నావల్ల ఒక్క పూటే ఆలస్యమైంది.