మామ అంబాసిడర్‌లో కంప్యూటర్

కంప్యూటర్ ఉన్న గదిలోకి చెప్పులు విప్పి వెళ్లే రోజులవి. నేను అబద్ధం చెప్పడం లేదు. తిరుపతిలో నేను పనిచేసిన షాపు గుమ్మం బయట ఎప్పుడూ చెప్పులు వరుసగా ఉండేవి. కొత్తగా వచ్చినవాళ్లు లోపల ఏదో సన్నిధి ఉందనుకుని, కాళ్లు కడుక్కోవడానికి కుళాయి ఎక్కడని అడిగేవాళ్లు. (తిరుపతి కదా, అలా అనుకోవడంలో వాళ్ల తప్పేమీ లేదు.) లోపల ఏసీ చల్లదనంలో, ప్లాస్టిక్ ముసుగులు కప్పుకుని ఆ పెట్టెలు దర్జాగా కూర్చుని ఉండేవి. వాటి ముసుగు తీసే అధికారం ఉన్నవాణ్ణి కాబట్టి నేను మామూలు మనిషిని కానని నాకు గట్టి నమ్మకం. డిప్లొమా చేతికొచ్చి ఎన్నాళ్లో కాలేదు, మీసం కూడా సరిగ్గా మొలవలేదు. అయినా ఎవరైనా "కంప్యూటర్ పాడైపోయిందప్పా" అంటూ వస్తే పెద్ద డాక్టరులా కళ్లు సగం మూసి తలాడించేవాణ్ణి. ఇప్పుడు తలచుకుంటే ఆ కుర్రాడి వీపు మీద ఒకటి చరచాలనిపిస్తుంది.

మా అమ్మ తమ్ముడు, అంటే మా మామ, పలమనేరులో ఉండేవాడు. పాడి ఆవులు, కాస్త భూమి, వీటితోపాటు ఒక పాత అంబాసిడర్ కారు. దాన్ని పెళ్లిళ్లకూ తిరుమల కొండకూ బాడుగకు తిప్పేవాడు. మామకు ఒక్కతే కూతురు. ఆ పిల్లంటే నాకు ప్రాణం. ఇందులో దాచుకోవలసింది ఏముంది? మేనమామ కూతురిని ముందు అడిగే హక్కు మేనల్లుడిదే అని మా వైపు పిల్లలకు పాలతోపాటు పోస్తారు. చిన్నప్పుడంతా "ఒరే, నీ పెండ్లాం వచ్చింది సూడు" అని ఏడిపించి ఏడిపించి, తీరా మేమిద్దరం పెద్దయ్యాక ఆ ఏడిపించిన పెద్దమనుషులంతా గమ్మున ఊరుకున్నారు. కారణం ఏమిటంటే, సత్యవేడు వైపు నుంచి ఇంకో సంబంధం వచ్చింది. అబ్బాయికి కరెంటాఫీసులో ఉద్యోగం. కరెంటాఫీసు ఉద్యోగం ఏమిటో ఊళ్లో అందరికీ తెలుసు. నా ఉద్యోగం ఏమిటో మా ఇంట్లోనే సరిగ్గా తెలియదు.

అమ్మ ఉండబట్టలేక వెళ్లి అడిగింది. మామ తాపీగా చెప్పాడట. "అక్కా, నీ కొడుకు సెడ్డోడని నేను అనలేదు. ఆ పెట్టె ముందర కూసోని వాడేం సేస్తాడో నాకు తెలియాల గదా. రేపు వీధిలో నలుగురూ అడిగితే నేనేం సెప్పేది?" తర్వాత నన్నే పిలిపించాడు. బెంగళూరులో ఎవరి కారులోనో పాటలు క్యాసెట్టు లేకుండా అలా వస్తూనే ఉండటం చూసి వచ్చాడు, ఆ పిచ్చి పట్టుకుంది. "అబ్బోడా, నీ కంప్యూటర్‌ని నా కారులో పెట్టు. కాణిపాకంలో పూజ సేయిస్తా. ఆడ్నించి పలమనేరు దాకా నిలవకుండా పాడితే, పిల్ల సంగతి ఇంటికొచ్చినాక మాట్లాడదాం. పాడకపోతే మాత్రం సత్యవేడోళ్లకు మాటిచ్చేస్తా. ఆ పైన నన్నేమీ అనుకోవద్దు" అన్నాడు. ఇలాంటి స్వయంవరం పురాణాల్లో కూడా లేదు. నేను మాత్రం సరేనన్నాను.

ఇక చూడండి నా అవస్థ. సెలవు దొరికినప్పుడల్లా తిరుపతిలో బస్సెక్కి పలమనేరులో దిగేవాణ్ణి. మామ కారు నిలిపేది ఆవుల కొట్టంలో ఒక పక్కన. అదే నా వర్క్‌షాపు. పాత సామాన్లు ఏరి ఒక కంప్యూటర్ బిగించి డిక్కీలో కూర్చోబెట్టాను. వెనక సీటు పైన బల్ల కోయించి స్పీకర్లు దించాను. దడదడమని మోగడానికి డిక్కీలోనే ఒక పెద్ద స్పీకరు పెట్టె. కారులో కంప్యూటర్ తెర పెట్టే స్తోమతు లేదు కాబట్టి, గేరు పక్కన అంకెలుండే చిన్న కీబోర్డు ఒకటి అతికించాను. ఒకటి నొక్కితే దేవుడి పాటలు, రెండు నొక్కితే సినిమా పాటలు. అంతా బాగుందనుకుని మామను పిలిచి కారు స్టార్టు చేయించాను. ఇంజను గుర్రుమన్న క్షణమే కంప్యూటర్ ప్రాణం వదిలి మళ్లీ మొదటి నుంచి లేవడం మొదలుపెట్టింది. స్టార్టరు కరెంటంతా లాగేస్తోందన్నమాట. ఎన్ని తిప్పలు పడ్డానో! చివరికి డిక్కీలో ఒక లారీ బ్యాటరీ, దానికొక ఇన్వర్టరు పెట్టి, కారు కరెంటుతో దానికి సంబంధం లేకుండా చేశాను. డాష్‌బోర్డు మీద ఒక స్విచ్చి, స్విచ్చి వేస్తే వెలిగే ఎర్ర లైటు. ఆ ఎర్ర లైటు చూసి నాకు నేనే ముచ్చటపడ్డాను. పైగా షాపు నుంచి ఒక ప్లాస్టిక్ ముసుగు కూడా తెచ్చి కప్పాను, కొట్టంలో దుమ్మూ ఈగలూ ఉంటాయి కదా.

సౌండు పరీక్షించిన సాయంత్రం సంగతి చెప్పకుండా ఉండలేను. అత్త పాలు పితకడానికి చెంబు పట్టుకుని కూర్చుంది. నాకేమో ఆ పిల్ల పెరట్లోనే ఉందన్న ఉత్సాహం. (అటు చూడనట్టే చూస్తూ) సౌండు మొత్తం పెంచి రెండు నొక్కాను. డిక్కీ రేకు అదిరింది. కొట్టం దూలాల మీది దుమ్ము రాలింది. ఆవు ఎగిరి ఒక్క తన్ను తన్నింది. చెంబు ఎటో, పాలు ఎటో, అత్త ఎటో! "నీ పాటకు అగ్గి తగల! అది పాట్రా, పిడుగురా?" అని అత్త లేచింది. ఆ పూట ఒక్క ఆవూ చేపలేదు. మర్నాడు పొద్దున కూడా నన్ను చూస్తే చెవులు రిక్కించి నిలబడ్డాయి తప్ప చుక్క పాలివ్వలేదు. మామ ఇంట్లో రెండు పూటలు కాఫీ లేదు. ఆ పిల్ల మాత్రం నోటికి పైట అడ్డం పెట్టుకుని లోపలికి పరుగెత్తింది. నవ్వుతోందో, జాలిపడుతోందో తెలియక నాకా రాత్రి అన్నం సహించలేదు.

పూజ రోజు వచ్చింది. పొద్దున్నే మామ డ్రైవరు సీట్లో, నేను పక్కన, వెనక అమ్మ, అత్త, ఆ పిల్ల. వెళ్లేటప్పుడు ఒక్క పాట వేసి చూస్తానంటే మామ ఒప్పుకోలేదు. "పూజ గాకుండా మోగిస్తారా యాడన్నా? ముందు దేవుడు, ఆ పైన నువ్వు" అన్నాడు. కాణిపాకంలో బండ్ల పూజ దగ్గర కారు నిలిపాం. అయ్యవారు బానెట్టుకు పసుపు కుంకుమ పెట్టారు, పూలహారం వేశారు, మంత్రం చదివి టెంకాయ కొట్టారు. నన్ను నిమ్మకాయలు చక్రాల కింద పెట్టమన్నారు. నేను ముందు చక్రం దగ్గర వంగి ఉండగా వెనక డిక్కీ తెరిచిన చప్పుడైంది. తలెత్తి చూస్తే మామ. ఒక చేతిలో హారతి కర్పూరం, ఇంకో చేతిలో టెంకాయ చిప్ప. "ముఖ్యమైంది ఇదే గదా, దీనికి సేయకపోతే యెట్ల!" అంటూ చిప్పలోని నీళ్లు భక్తిగా డిక్కీలోకి వంచాడు. ఆ పైన పసుపు నీళ్ల చెంబు కూడా.

మా సీమలో ఆయుధ పూజకు నాగలికీ, మోటారుకూ, తక్కెడకూ, చివరికి కుట్టు మిషనుకూ నీళ్లు చిలకరించి బొట్టు పెడతారు. కంప్యూటర్ మాత్రం ఏం పాపం చేసిందని మామ అనుకున్నాడు, అంతే. "అయ్యో, వద్దు మామా" అనబోయి నోరు మూసుకున్నాను. దేవుడి ముందర, పూజ మధ్యలో, నీళ్లు పోసే మేనమామను వద్దని అనడమా? అపశకునం అంటారు, అమ్మే ముందు నన్ను తంతుంది. వెనక్కి వెళ్లి డిక్కీలోకి చూసే ధైర్యం కూడా లేకపోయింది. మామ డిక్కీ దబ్బున వేశాడు. నా పెళ్లి మీదే మూత పడ్డట్టు అనిపించింది.

కారు కదిలింది. మామ కీబోర్డు వైపు గడ్డంతో చూపించి "ఊ, కానీ" అన్నాడు. స్విచ్చి వేశాను. ఎర్ర లైటు వెలిగింది. కంప్యూటర్ లేవడానికి ఎప్పుడూ పట్టే టైము అయిపోయింది. ఒకటి నొక్కాను. ఏమీ లేదు. రెండు నొక్కాను. ఉహూఁ. చిత్తూరు వచ్చింది, పోయింది. బంగారుపాళెం దాటాక మామ అడిగాడు.

"ఏమప్పా, పాడదా?"

"వైరు లూజైనట్టుండాది మామా" అన్నాను. ఇంకేం చెప్పను? నీళ్లు పోసి నువ్వే తగలబెట్టావని చెబితే దేవుడి తీర్థానికి వంక పెట్టినట్టు అవుతుంది. చెప్పకపోతే పిల్ల సత్యవేడు పోతుంది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. కిటికీలోంచి బయటికి చూస్తున్నట్టు నటించాను.

"వైరు కూడా సరిగ్గా బిగించడం రాదన్నమాట" అన్నాడు మామ. అనడం మెల్లగానే అన్నాడు, నాకు మాత్రం కాల్చినట్టైంది.

అప్పుడు వెనక నుంచి ఆ పిల్ల గొంతు వినిపించింది. "వైరూ లేదు, ఏమీ లేదు నాయనా. టెంకాయ నీళ్లు చిప్పడు, పసుపు నీళ్లు చెంబుడు పోసినావు దాని నెత్తిన. యాడ పాడుతుంది? నేను సూస్తానే ఉన్నా. పాపం, ఆయప్ప గమ్మునుంటే నువ్వు ఆయప్పనే అంటా ఉండావు."

నాయన ముందర ఆ పిల్ల అంత మాట ఏనాడూ అనలేదు. మామ మొగిలి ఘాటు ఎక్కేముందు ఒక టీ అంగడి దగ్గర కారు పక్కకు తీసి ఆపాడు. దిగాడు. నన్నూ దిగమన్నాడు.

"నిజమేనా?"

"దేవుని దగ్గర పోసిన నీళ్లు గదా మామా... నేనేం సెప్పేది?"

"పిల్ల పోతుందని తెలుసు గదా నీకు?"

తల ఊపాను. మామ భుజం మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకుని, "అక్కా, దిగు. నీ కొడుక్కే ఇస్తా పిల్లని" అన్నాడు. "పాటలు పాడేది బెంగళూరులో కొంటా. ఇట్ల గమ్మునుండే అల్లుణ్ని యాడ కొనేది?"

అమ్మ ఏడ్చింది. నేనూ ఏడ్చాను, సిగ్గేముంది. అప్పుడు అత్త నింపాదిగా కారు దిగి, చీర సర్దుకుంటూ అడిగింది. "అబ్బోడా, నేను పీకిన ప్లగ్గు మళ్లీ పెట్టినావా?"

"ఏ ప్లగ్గు?" అన్నాడు మామ.

"ఈయన నీళ్లు తీసుకోని వస్తా ఉంటే నేనే పీకేసినా గదా. బాయి కాడ మోటారుకైతే ఫీజు పీకకుండా పూజ సేస్తామా? పైన ముసుగు కూడా సరిగ్గా లాగి కప్పినా."

డిక్కీ తెరిచాం. ప్లాస్టిక్ ముసుగు మీద పసుపు నీళ్లు మడుగు కట్టి ఉన్నాయి. ముసుగు ఎత్తితే లోపల కంప్యూటర్ పొడిగా, క్షేమంగా ఉంది. ప్లగ్గు మాత్రం పక్కన పడుంది. లైటు వెలిగేది ఇన్వర్టరుది, ఆ సంగతి పెట్టిన నాకే తట్టలేదు. షాపుకు ఎవరు ఫోను చేసినా "ముందు ప్లగ్గు ఉందో లేదో చూడండి" అని వెటకారంగా చెప్పే మహానుభావుణ్ణి నేనే. సిగ్గుతో తల డిక్కీలోంచి బయటికి తీయలేకపోయాను. మామ నన్నూ ప్లగ్గునూ మార్చి మార్చి చూసి, టీ అంగడి బెంచీ మీద కూలబడి, పొట్ట పట్టుకుని నవ్వాడు. "సరే పో. ఇచ్చిన మాట ఎనక్కి తీసుకుంటే బాగుండదు" అన్నాడు, కళ్లు తుడుచుకుంటూ.

ప్లగ్గు పెట్టాను. ఘాటు ఎక్కుతుండగా వినాయకుడి పాట మొదలైంది. ఎంత బాగా మోగిందో! వంపు వంపుకీ సౌండు పెంచుకుంటూ, ఎదురొచ్చే లారీల వాళ్లు కూడా తలతిప్పి చూస్తున్నారని ఛాతీ విరుచుకుని కూర్చున్నాను. అప్పుడే వెనక నుంచి నా భుజాన్ని ఎవరో వేలితో తట్టారు. ఆ పిల్ల ముందుకు వంగి, పెళ్లి కుదిరాక నాతో మొట్టమొదటి మాట అంది. "బావా, రవ్వంత సౌండు తగ్గించు. అత్త ఏందో సెప్తా ఉండాది, ఇనపడలేదు." తనకు అత్తంటే మా అమ్మ.

ఆ కారు ఎప్పుడో అమ్ముడుపోయింది, మామ కూడా వెళ్లిపోయాడు. అన్నాళ్లు కష్టపడి, ఆవు చేత తన్నించి, ఏడ్చి, సాధించిన సౌండు అది. తగ్గించడానికి ఆ రోజు ఒక్క క్షణం మనసొప్పలేదు. అయినా తగ్గించాను. ఇప్పటికీ తగ్గిస్తూనే ఉన్నాను.